దూరాన్ని గెలిచింది వోల్టేజీ, ఏసీ కాదు

కరెంటు చరిత్ర చెప్పే పాఠాలన్నిటా ఒకే కథ నిలిచిపోయింది. ఎడిసన్ ఒకే దిశలో పారే డీసీని నమ్ముకున్నాడు. వెస్టింగ్‌హౌస్, టెస్లా అటూ ఇటూ ఊగే ఏసీని నమ్ముకున్నారు. డీసీ మైలు దూరం దాటేసరికి నీరసించింది, ఏసీ వందల మైళ్లు పోయింది. అందుకే ఏసీ గెలిచింది, అందుకే నేడు మన పొలాల మీదుగా పోయే పెద్ద లైన్లలో ఏసీ పారుతోంది. పోటీ పరీక్షల గైడ్లు ఈ కథను ఒక్క వాక్యానికి కుదించి బట్టీ పట్టిస్తాయి. వీడియో పాఠాలు ఇద్దరు మేధావుల కక్షగా మలిచి చెబుతాయి. కథలోని పేర్లు నిజం, సంవత్సరాలు నిజం, ఎడిసన్ పద్ధతి వెనుకబడిన మాటా నిజం. వాటి నుంచి లాగిన ముగింపు మాత్రం తప్పు. కరెంటు దూరం పోగలుగుతున్నది సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగడం వల్ల కాదు, ఎక్కువ వోల్టేజీలో పోవడం వల్ల. ఏసీ చేసిన ఉపకారం వేరే ఉంది, అది గొప్పదే. కానీ దూరాన్ని దాని ఖాతాలో రాసేయడం వల్ల విద్యుత్ ప్రసారంలోని అసలు సూత్రం పిల్లలకు అందకుండా పోతోంది. దీన్ని చిన్న పొరపాటుగా వదిలేయలేం. వేల కోట్ల రూపాయల లైన్లు ఎక్కడ వేయాలి, ఏ రకంగా వేయాలి అన్న చర్చ ఊళ్లోకి వచ్చినప్పుడు జనం అభిప్రాయాలు ఈ తప్పు పునాది మీదే లేస్తాయి.

ముందు లెక్క చూద్దాం. ఏ తీగకైనా కొంత నిరోధం ఉంటుంది. అందులో కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది, ఆ వేడి మనకు దక్కని శక్తి. ఈ నష్టం కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించినంత. కరెంటు రెట్టింపైతే నష్టం నాలుగింతలు, పదింతలైతే నూరింతలు. ఇక మనం పంపదలచిన శక్తి ఏమిటంటే వోల్టేజీని కరెంటుతో గుణించినది. అంటే అదే శక్తిని ఎక్కువ వోల్టేజీతో తక్కువ కరెంటుగా పంపవచ్చు, తక్కువ వోల్టేజీతో ఎక్కువ కరెంటుగానూ పంపవచ్చు. పోనూ రానూ కలిపి ఒక ఓము నిరోధమున్న లైనులో 100 కిలోవాట్లు పంపాలనుకుందాం. వెయ్యి వోల్టులతో పంపితే 100 ఆంపియర్లు పారతాయి, 10 కిలోవాట్లు తీగలోనే కాలిపోతాయి, అంటే పదోవంతు పోయినట్టు. పదివేల వోల్టులతో పంపితే 10 ఆంపియర్లే చాలు, నష్టం 100 వాట్లు, అంటే వెయ్యోవంతు. మరి మన ఇళ్లలోని 230 వోల్టులతో పంపితే? 435 ఆంపియర్లు కావాలి. అంత కరెంటును ఆ తీగలోంచి తోయడానికే 435 వోల్టులు ఖర్చవుతాయి, మన దగ్గరున్నవి 230. అంటే నష్టం ఎక్కువవడం సంగతి అటుంచి, ఆ పని అసలు సాధ్యమే కాదు. ఈ లెక్క మొత్తంలో ఏసీ అన్న మాట గానీ డీసీ అన్న మాట గానీ రాలేదని పాఠకులు గమనించాలి. రావలసిన అవసరమే లేదు.

ఇక్కడ చదువుకున్నవారికి తరచు కలిగే సందేహం ఒకటుంది. ఓం సూత్రం ప్రకారం వోల్టేజీ పెరిగితే కరెంటు పెరగాలి కదా, తగ్గుతుందంటారేమిటి? వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగిస్తే నష్టం వస్తుందని కూడా పుస్తకంలో ఉంది, ఆ లెక్కన వోల్టేజీ పెంచితే నష్టం పెరగాలి కదా? సందేహం న్యాయమైనదే, దీనికి జవాబు చెప్పకుండా ముందుకు పోయే పాఠం పాఠం కాదు. ఓం సూత్రంలోని వోల్టేజీ అంటే ఏ వస్తువు నిరోధం గురించి మాట్లాడుతున్నామో ఆ వస్తువు రెండు చివరల మధ్య తేడా. లైను వోల్టేజీ 400 కేవీ, అంటే నాలుగు లక్షల వోల్టులు, అన్నప్పుడు అది ఒక తీగకూ మరో తీగకూ మధ్య ఉన్న తేడా; తీగ ఈ చివరకూ ఆ చివరకూ మధ్య తేడా కాదు. తీగ పొడవునా పడిపోయే వోల్టేజీ అందులో చిన్న వంతు. నష్టం లెక్కకు పనికొచ్చేది ఆ చిన్న వంతే. కరెంటు ఎంత పారాలో నిర్ణయించేది ప్రసార తీగ కాదు, అవతలి చివరన ఉన్న వాడకం. అక్కడ ట్రాన్స్‌ఫార్మరో కన్వర్టరో ఉండి, కావలసిన శక్తికి సరిపడా కరెంటును మాత్రమే తీసుకుంటుంది. ఈ ఒక్క తేడా స్పష్టమైతే మిగతాదంతా కూడికలూ గుణకారాలే.

ఏసీకి దూరం పోయే గుణం స్వతహాగా ఉందనేవారికి తెలుగు పల్లెల్లోనే జవాబుంది. బోరు మోటార్లకు కరెంటు ఇచ్చే ఎల్టీ, అంటే తక్కువ వోల్టేజీ, లైను 415 వోల్టుల త్రీఫేజ్ ఏసీ. వెనకటి పద్ధతిలో ఊరికి ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, అక్కడి నుంచి ఎల్టీ తీగలను చేను వెంట చేను లాక్కుపోయేవారు. లైను చివరి రైతుకు వోల్టేజీ అందేది కాదు. మోటారు తన పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగేది, ఆ ఎక్కువ కరెంటుకు వోల్టేజీ ఇంకా పడిపోయేది, చివరకు వైండింగ్ కాలిపోయేది. పారింది ఏసీయే, అదీ త్రీఫేజే. అయినా కిలోమీటరు దూరానికే చతికిలబడింది. దీనికి విద్యుత్ సంస్థలు కనిపెట్టిన విరుగుడు హెచ్‌వీడీఎస్, అంటే 11 కేవీ లైనునే పొలాల దాకా తీసుకుపోయి, రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్ధతి విస్తారంగా అమలైంది. ముందు ఏసీయే, తర్వాతా ఏసీయే. మారింది వోల్టేజీ ఒక్కటే. 415 నుంచి 11 వేలకు పోతే వోల్టేజీ సుమారు ఇరవయ్యారున్నర రెట్లు పెరుగుతుంది, అదే తీగలో అదే శక్తికి నష్టం ఏడు వందలో వంతుకు పడిపోతుంది. న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో 1882 సెప్టెంబరులో ఎడిసన్ మొదలుపెట్టిన కేంద్రం 110 వోల్టుల డీసీ ఇచ్చేది, దాని సేవ మైలు చుట్టుపక్కలకే పరిమితమైంది. పెర్ల్ స్ట్రీట్‌కూ ఎల్టీ లైనుకూ పట్టిన జబ్బు ఒకటే. ఒకదాన్ని డీసీ లోపమనీ, రెండోదాన్ని కరెంటోళ్ల లోపమనీ అనడం కుదరదు.

చరిత్ర కూడా ఈ వాదన పక్షానే సాక్ష్యం చెబుతుంది, పూర్తిగా చదివితే. తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా పేరుపొందిన విలియం థామ్సన్ 1881లో బ్రిటిష్ అసోసియేషన్ సభలో నయాగరా శక్తిని 300 మైళ్లు పంపడం గురించి మాట్లాడుతూ 80 వేల వోల్టుల డీసీని ప్రతిపాదించాడు. ఏసీ ట్రాన్స్‌ఫార్మరు అప్పటికి పని సాధనంగా ఇంకా రూపు కట్టలేదు. దూరానికి మందు వోల్టేజీయేనని ఆయనకు లెక్కలోనే కనిపించింది. అంత వోల్టేజీని అవతలి చివర ఎలా దించుకోవాలన్నదే చిక్కు, దానికి బ్యాటరీల ఉపాయం ఆలోచించాడు. మరుసటి ఏడాది ఫ్రెంచి ఇంజనీరు మార్సెల్ దెప్రే, ఆస్కర్ ఫాన్ మిల్లర్ ఏర్పాటు చేసిన మ్యూనిక్ విద్యుత్ ప్రదర్శన కోసం, మీస్‌బాఖ్ నుంచి 57 కిలోమీటర్లు డీసీ పంపాడు. దొరికింది ఇనుప టెలిగ్రాఫు తీగ, వోల్టేజీ రెండు వేలకు అటూ ఇటూ. శక్తిలో పెద్ద భాగం దారిలోనే పోయింది, మిగిలినది ప్రదర్శనలో ఒక చిన్న జలపాతానికి నీళ్లు తోడే పంపును మాత్రం తిప్పింది. ఎడిసన్ తన మైలు దూరపు కేంద్రాన్ని ప్రారంభించిన నెలలోనే, అదే డీసీ, మరో దేశంలో అంత దూరం పోయింది! తేడా అంతా 110కీ రెండు వేలకూ ఉన్న తేడా. ఇంతకన్నా బలమైన సాక్ష్యం స్విట్జర్లాండ్ ఇంజనీరు రెనే త్యూరీది. డీసీ జనరేటర్లను ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి వోల్టేజీ పెంచే పద్ధతిని ఆయన వ్యాపార స్థాయికి తెచ్చాడు. ఫ్రాన్స్‌లో మూతియే నుంచి లియోన్ నగరానికి 1906లో వేసిన లైను యాభై వేలకు పైగా వోల్టుల డీసీతో దాదాపు రెండు వందల కిలోమీటర్లు జలవిద్యుత్తును మోసింది, సుమారు మూడు దశాబ్దాలు పనిచేసింది. డీసీ దూరం పోదని నేర్పే పాఠాల్లో త్యూరీ పేరు ఉండదు. ఉంటే ఆ పాఠం నిలవదు.

మరి ఏసీ ఎందుకు గెలిచింది? ఇక్కడ ప్రత్యర్థి వాదానికి ఇవ్వవలసిన మర్యాద పూర్తిగా ఇవ్వాలి. గెలిపించింది ట్రాన్స్‌ఫార్మరు. బుడాపెస్ట్‌లోని గాంజ్ కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు 1885లో దానికి సరైన రూపమిచ్చారు, విలియం స్టాన్లీ 1886లో అమెరికాలోని గ్రేట్ బ్యారింగ్టన్‌లో పనిచేయించి చూపాడు. కదిలే భాగమే లేని ఇనుము, రాగి చుట్టలు. ఒకవైపు తక్కువ వోల్టేజీ ఇస్తే రెండోవైపు ఎక్కువ వస్తుంది, నష్టం అతి స్వల్పం, ఖర్చు తక్కువ, దశాబ్దాల మన్నిక. మారే అయస్కాంత క్షేత్రం మీద ఆధారపడి పనిచేస్తుంది కాబట్టి దానికి ఏసీయే కావాలి. వోల్టేజీ అనే మేడ మీదికి ఎక్కడానికి ఆనాడు చౌకైన నిచ్చెన అదొక్కటే. మేడ ఎత్తును నిచ్చెన గుణంగా చెప్పుకోవడమే మనం చేస్తున్న తప్పు. మ్యూనిక్ ప్రదర్శన జరిపిన ఆస్కర్ ఫాన్ మిల్లరే 1891లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శన కోసం లౌఫెన్ నుంచి 175 కిలోమీటర్లు త్రీఫేజ్ ఏసీ తెప్పించాడు. వోల్టేజీ మొదట 15 వేలు, తర్వాతి పరీక్షల్లో 25 వేలు. సుమారు 75 శాతం శక్తి చివరకు చేరింది. తొమ్మిదేళ్ల కిందట డీసీతో సాధ్యం కానిది ఏసీ సాధించిందని చెప్పుకుంటారు. దూరం మూడింతలు, వోల్టేజీ ఏడింతల నుంచి పన్నెండింతలు, ఇనుప తీగకు బదులు రాగి తీగ. ఈ మూడింటినీ పక్కన పెట్టి ఫలితాన్ని ఏసీ ఖాతాలో వేయడం శాస్త్రీయం కాదు.

సరే, ఆ రోజుల్లో వోల్టేజీ పెంచే చౌకైన మార్గం ఏసీ ఒక్కటే అయినప్పుడు ఏసీ దూరం పోతుందన్నా, వోల్టేజీ దూరం పోతుందన్నా ఒకటే కదా అని అడగవచ్చు. ఒకటి కాదు. ఎందుకంటే వోల్టేజీ పెంచాక, తీగ మీదికి ఎక్కాక, ఏసీ ప్రయాణానికి తోడ్పడదు, అడ్డు పడుతుంది. ఏసీలో కరెంటు నిరంతరం మారుతుంటుంది కాబట్టి తీగ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం ఆ మార్పును ఎదిరిస్తుంది. దీన్నే రియాక్టెన్స్ అంటారు. 400 కేవీ లైనులో తీగ నిరోధం కన్నా ఇది దాదాపు పదింతలు. దూరం పెరిగేకొద్దీ రెండు చివరల జనరేటర్లు ఒకే లయలో తిరగడం కష్టమవుతుంది, తీగ వేడికి తట్టుకోగలిగిన కరెంటులో చిన్న వంతుతోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది. పైగా తీగకూ నేలకూ మధ్య ఉన్న గాలి కెపాసిటర్‌లా పనిచేసి, ప్రతి అరచక్రానికీ నిండి ఖాళీ అవుతూ, ఏ పనీ చేయని కరెంటును లైనులో తిప్పుతుంది. కేబుల్ అయితే ఇది మరీ ఎక్కువ. 400 కేవీ భూగర్భ కేబులు కిలోమీటరుకు పదికి పైగా ఆంపియర్లు ఇలా తినేస్తుంది, నూరు కిలోమీటర్లు పోయేసరికి కేబులు శక్తి మొత్తం దీనికే సరిపోతుంది, అవతలివారికి ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఇన్సులేటర్లు ఏసీ శిఖర వోల్టేజీకి, అంటే మనం చెప్పుకునే వోల్టేజీకి 1.414 రెట్లకు తట్టుకోవాలి. డీసీకి ఆ అదనపు బరువు లేదు. ఏసీలో కరెంటు తీగ అంచులకు జరిగి పారుతుంది, డీసీలో తీగ మధ్య భాగమూ పని చేస్తుంది. వోల్టేజీ సమానం చేసి పోల్చితే, దూరానికి అనుకూలమైనది డీసీయే. నేర్పుతున్న దానికి ఇది సరిగ్గా తిరగబడిన మాట.

దూరం విషయంలో డీసీకి లోటు ఒక్కటే ఉండేది: వోల్టేజీ ఎక్కించి దించే మంచి సాధనం. అది దొరికిన రోజు నుంచీ పరిస్థితి మారింది. స్వీడన్‌లో ఏసియా కంపెనీ, ఊనో లామ్ నాయకత్వంలో, ఏసీని డీసీగా, డీసీని మళ్లీ ఏసీగా మార్చే పాదరసపు వాల్వులు తయారుచేసి, 1954లో గాట్లాండ్ దీవికి సముద్రం అడుగున దాదాపు నూరు కిలోమీటర్లు, నూరు కేవీ డీసీ, 20 మెగావాట్లు పంపింది. ఆ తర్వాత సిలికాన్ థైరిస్టర్లు వచ్చాయి. నేడు చైనాలో చాంగ్జీ నుంచి గూచువాన్‌కు 1,100 కేవీ డీసీ లైను మూడు వేల కిలోమీటర్లకు పైగా 12 వేల మెగావాట్లు మోసేలా కట్టారు. మన దగ్గరి ఉదాహరణ చూడాలంటే కోలారు చాలు. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి కోలారు బంగారు గనులకు 147 కిలోమీటర్లు, 35 కేవీ ఏసీ లైను వచ్చింది. అప్పట్లో ప్రపంచంలోని పొడవైన లైన్లలో అదొకటి. చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగు కార్మికులు దిగిన ఆ గనుల్లో ఆ కరెంటే యంత్రాలను తిప్పింది. నూరేళ్ల తర్వాత అదే కోలారుకు ఒడిశాలోని తాల్చేరు నుంచి 500 కేవీ డీసీ లైను సుమారు 1,370 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్ మీదుగా వచ్చింది. మొదట 2,000 మెగావాట్లు మోసేలా కట్టారు, తర్వాత సామర్థ్యం పెంచారు. ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ నుంచి తమిళనాడులోని పుగళూరుకు 800 కేవీ డీసీ లైను 6,000 మెగావాట్ల కోసం దాదాపు 1,765 కిలోమీటర్లు, తెలంగాణ, ఆంధ్ర నేలల మీదుగా పోతోంది. ఇలాంటి లైన్లలో వెయ్యి కిలోమీటర్లకు మూడు నుంచి మూడున్నర శాతం నష్టం ఉంటుంది, ఒక్కో చివర స్టేషనులో శాతానికి లోపే. డీసీ దూరం పోదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడి ఊరి మీదుగానే ఈ తీగలు పోతున్నాయి.

డీసీ ఉపయోగం దూరంతోనే ఆగదు. 2012 జూలై 30న ఉత్తర గ్రిడ్డు, మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కలిసి కుప్పకూలాయి. దాదాపు 60 కోట్ల మంది నివసించే ప్రాంతం చీకటిలో పడింది. దక్షిణ గ్రిడ్డుకు దిగుమతులు తగ్గి దెబ్బ తగిలింది గానీ కూలలేదు. అప్పటికి మనకూ మిగతా దేశానికీ ఉన్న ప్రధాన బంధాలు డీసీవి: తాల్చేరు-కోలారు లైను, చంద్రపూర్ దగ్గరి భద్రావతి స్టేషను, విశాఖలోని గాజువాక స్టేషను. ఏసీ బంధమైతే ఒకచోటి ఫ్రీక్వెన్సీ తడబాటు అన్ని చోట్లకూ పాకుతుంది. డీసీ బంధం శక్తిని మాత్రం అందించి, తడబాటును అవతలే ఉంచుతుంది. గాజువాకలో ఏసీ ఒకవైపు వచ్చి, డీసీ అయి, అదే ఆవరణలో మళ్లీ ఏసీ అయి రెండోవైపు పోతుంది. అక్కడ డీసీ ప్రయాణించే దూరం ఏమీ లేదు. డీసీని ఎంచుకోవడానికి దూరం కాని కారణాలూ ఉంటాయనడానికి ఇదే గుర్తు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ ఏసీ లైనుతో దక్షిణ గ్రిడ్డు దేశంతో ఒకే లయలో కలిసింది. అక్కడ ఏసీని ఎంచుకోవడం సరైన నిర్ణయమే, ఎందుకంటే కావలసింది ఆ ఉమ్మడి లయే. 400 కేవీ ఏసీ లైను ఒక సర్క్యూట్‌కు సహజంగా సుమారు 500 మెగావాట్లు మోస్తే, 765 కేవీది రెండు వేలు దాటి మోస్తుంది. వోల్టేజీ రెట్టింపు కూడా కాలేదు, మోసే బలం నాలుగింతలైంది. ఏసీ లోపల కూడా గెలుపు వోల్టేజీదే.

డీసీ అంత మేలైతే అన్ని లైన్లూ ఎందుకు మార్చరన్న ఆక్షేపణ సహజం. మార్చకూడదు, అందుకు గట్టి కారణాలున్నాయి. డీసీ లైను రెండు చివరలా కన్వర్టర్ స్టేషన్లు కావాలి, అవి చాలా ఖరీదు. తీగలో, టవర్లలో, నష్టంలో మిగిలిన డబ్బు ఆ ఖర్చును దాటాలంటే నేల మీద లైనైతే 600 నుంచి 800 కిలోమీటర్లు పోవాలి, సముద్రపు కేబులైతే యాభై కిలోమీటర్ల పైచిలుకు చాలు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి బ్రేకరు ఆ క్షణంలో తెంచేయగలదు; డీసీకి ఆ సున్నా లేదు, అందుకే దాని బ్రేకరు చాలాకాలం తేలలేదు, ఇప్పటికీ చౌక కాదు. దారిలో ప్రతి జిల్లాకూ కొంచెం కొంచెం దించాలంటే ఏసీ అంత సులువు డీసీలో లేదు. మోటార్లలో అత్యధికం ఏసీవే. ఈ కారణాలన్నీ నిజమైనవి. అయితే ఇవి మార్చడం, తెంచడం, పంచడం గురించిన కారణాలు. దూరం పోవడం గురించినవి కావు. ఇంజనీరు ఒక్కో లైనుకు ఈ లెక్కలన్నీ వేసి ఎంచుకుంటాడు. లద్దాఖ్‌లోని పాంగ్ నుంచి హర్యానాలోని కైథల్ దాకా 2023లో కేంద్రం ఆమోదించిన మార్గంలో డీసీ భాగం 480 కిలోమీటర్లే; చుట్టూ బలమైన గ్రిడ్డు లేని ఎత్తైన ప్రదేశం కావడం అక్కడ దూరంతో సమానంగా తూగింది. అలాగే వోల్టేజీని ఎంతైనా పెంచుకుంటూ పోలేం. తీగ ఉపరితలం దగ్గర సెంటీమీటరుకు 30 కేవీ ప్రాంతానికి చేరితే గాలి చిట్లి, కొరోనా పుట్టి, శక్తి గాలిపాలవుతుంది, వానలో ఇది మరింత. అందుకే ఒక్కో ఫేజుకు నాలుగేసి, ఆరేసి తీగలను కట్టగా కడతారు, టవర్లు ఎత్తు పెంచుతారు. వోల్టేజీకీ ఖర్చుకూ మధ్య సమతూకం ఎక్కడ కుదురుతుందో అక్కడ ఆగుతారు.

ఇటీవల ఇంకో రకం వాదన బయలుదేరింది. డీసీ లైన్లు పెరగడం చూసి, చివరకు ఎడిసన్ చెప్పిందే నిజమైందనీ, టెస్లా మీద ఆయన పగ తీరిందనీ రాస్తున్నారు. ఇది మొదటి తప్పుకు కవల తప్పు. ఎడిసన్ 1889లో నార్త్ అమెరికన్ రివ్యూ పత్రికలో విద్యుద్దీపాల ప్రమాదాల మీద రాసిన వ్యాసంలో కత్తి దూసింది ముఖ్యంగా ఎక్కువ వోల్టేజీ మీద. ఆయన కోరుకున్నది తక్కువ వోల్టేజీ, ఊరికి పక్కనే కేంద్రం. 800 కేవీ లైనును ఆయన విజయంగా చెప్పడం ఆయన వాదాన్ని తలకిందులు చేయడమే. ఏసీ గెలిచిందన్నవారూ, డీసీ పగ తీర్చుకుందన్నవారూ ఇద్దరూ కరెంటు రకాన్నే చూస్తున్నారు. రెండు కథల్లోనూ అసలు పని చేసిన వోల్టేజీ కనిపించకుండా పోతోంది.

ఈ అవగాహన అవసరం మన రైతుకు ఎక్కువ. పెద్ద లైను వస్తోందంటే టవరు కాళ్లకు భూమి పోతుంది, తీగల కింద చెట్లు పెంచనివ్వరు, భూమి ధర పడిపోతుంది. ఇంత వోల్టేజీ ఎందుకు, తక్కువ వోల్టేజీలో చిన్న లైను వేయకూడదా అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. వోల్టేజీ తగ్గిస్తే భూమి మిగలదు, ఇంకా ఎక్కువ పోతుంది. 6,000 మెగావాట్లను ఒక 800 కేవీ డీసీ లైనుకు బదులు 400 కేవీ ఏసీతో పంపాలంటే, సర్క్యూట్‌కు 500 మెగావాట్ల లెక్కన పన్నెండు సర్క్యూట్లు కావాలి. టవరుకు రెండేసి వేసినా ఆరు వరుసల టవర్లు, ఆరు బాటల భూమి. ఇంకో ఆక్షేపణ మరింత సూటిగా వస్తుంది: మా పొలం మీదుగా పోయే డీసీ లైను మాకు ఒక్క యూనిట్ దించదు కదా? ఆ మాట రాయగఢ్-పుగళూరు లైను విషయంలో నిజమే. అయితే అది డీసీ స్వభావం కాదు, పథకంలో చేసిన ఎంపిక. అస్సాంలోని బిశ్వనాథ్ చారియాలి నుంచి ఆగ్రాకు పోయే 800 కేవీ డీసీ లైనుకు దారిలో పశ్చిమ బెంగాల్‌లోని అలీపుర్‌ద్వార్‌లో స్టేషను పెట్టారు. దారిలో ఉన్న రాష్ట్రాలు అలాంటి స్టేషను కోరవచ్చు, దాని ఖర్చూ లాభమూ బయటపెట్టి చర్చించవచ్చు. పరిహారం సంగతి వేరే. కేంద్రం 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో టవరు కాళ్ల మధ్య భూమికి విలువలో 85 శాతం, తీగల కింది భూమికి గరిష్ఠంగా 15 శాతం అని ఉంది. 2024లో వాటిని 200 శాతం, 30 శాతం చేసింది. ఆ విలువను రిజిస్ట్రేషను ధరతో కడతారా, మార్కెట్టు ధరతో కడతారా అన్న దగ్గరే రైతు నిలదీయాలి. ఆ నిలదీతలో అతను నూరు శాతం న్యాయం వైపు ఉంటాడు, తీగలో పారేది ఏసీ అయినా డీసీ అయినా.